పేరు లేని డబ్బా కంటే పేర్లున్న సీసానే నయం

ప్రశ్న: నా వయసు 31. పిల్లల కోసం ప్రయత్నిద్దామనుకుంటున్నాం. రెండు నెలల కిందట మా ఆడపడుచు ఒక యాప్ చూపించింది. సీసా మీద ఉన్న పదార్థాల జాబితాను ఫోటో తీస్తే ఒక్కో పేరుకూ ఒక రంగు చూపిస్తుంది. నా మాయిశ్చరైజర్‌లోని మిథైల్ పారాబెన్, ఫినాక్సీఇథనాల్, ఫేస్‌వాష్‌లోని సోడియం లారెత్ సల్ఫేట్, సన్‌స్క్రీన్‌లోని ఆక్సీబెంజోన్, అన్నీ ఎరుపో నారింజో. క్యాన్సర్, హార్మోన్లు అని కింద రాసింది చదివి భయమేసి అన్నీ పారేశాను. ఇప్పుడు కలబంద గుజ్జులో రెండు విటమిన్-ఇ క్యాప్సూల్స్, పదిహేను చుక్కల లావెండర్ ఆయిల్ కలిపి 50 గ్రాముల డబ్బాలో పెట్టుకుని వాడుతున్నాను. సన్‌స్క్రీన్ మానేశాను. తెలిసినావిడ ఇచ్చిన 'అన్నీ మూలికలే' అనే క్రీమ్ ఆరు వారాలుగా రాత్రిళ్లు రాస్తున్నాను. వారంలోనే ముఖం తేటపడింది. డబ్బా మీద ఏ వివరాలూ లేవు. మూడు వారాలుగా మాత్రం కనురెప్పలు, మెడ ఎర్రబడి ఒకటే దురద. ఆ క్రీమ్ ఒక్క రాత్రి రాయకపోతే ముఖమంతా మంట. రసాయనాలన్నీ మానేశాక ఇలా ఎందుకవుతోంది?

సమాధానం: ముందు ఆ మూలికల క్రీమ్ సంగతి చూద్దాం. పారాబెన్లూ సల్ఫేట్లూ కాసేపు ఆగినా ఏం కాదు. ఈ రాత్రి నుంచే ఆ క్రీమ్ రాయడం ఆపండి. డబ్బాను మాత్రం పారేయకండి. మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో వేసి ముడేసి, ఎవరి చేతికీ అందని చోట పెట్టండి. దాన్ని డాక్టరుకు చూపించాలి.

వారంలో రంగు తేలడం, ఒక్క రాత్రి మానితే మండటం, ఈ రెండూ ఒకే మనిషి చెబితే చర్మవైద్యులకు మొదట వచ్చే అనుమానం స్టెరాయిడ్. చర్మం పై పొర పూర్తిగా మారడానికి దాదాపు నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే మచ్చలు తగ్గించే మామూలు క్రీమ్ ఏదైనా ఫలితం చూపడానికి రెండు మూడు నెలలు తీసుకుంటుంది. వారంలోనే తేడా కనిపించిందంటే అందులో గట్టి మందేదో ఉండి ఉండాలి. బీటామెథాసోన్, క్లోబెటసోల్ లాంటి స్టెరాయిడ్లు చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, రంగు తయారుచేసే కణాలను నెమ్మదింపజేస్తాయి. దాంతో ముఖం తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. మానగానే ఆ నాళాలు మునుపటికంటే ఎక్కువగా విచ్చుకుంటాయి. మీకు తెలుస్తున్న మంట బహుశా అదే. మంట తట్టుకోలేక మళ్లీ రాస్తారు, వెంటనే తగ్గుతుంది, 'క్రీమ్ లేకపోతే నా చర్మం బాగుండదు' అనే నమ్మకం కుదురుతుంది. అలా నెలలు గడిస్తే చర్మం పలచబడి, ఎర్రటి సన్న నాళాలు పైకి కనిపించి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి.

ఆపాక మొదటి రెండు వారాల్లో ముఖం ఇప్పటికంటే ఎర్రబడి, పొట్టు లేచే అవకాశం ఉంది. ముందే తెలిస్తే కంగారుపడి మళ్లీ ఆ డబ్బా తెరవరు. 'మెల్లగా తగ్గించుకుంటూ వస్తాను' అని మీరే దానితో ప్రయత్నించకండి. లోపల ఏముందో, ఎంతుందో తెలియని దాన్ని కొలిచి తగ్గించడం కుదరని పని. పైగా అందులో స్టెరాయిడ్ ఒక్కటే ఉందన్న భరోసా కూడా లేదు. తగ్గించాల్సిన అవసరముంటే బలం తెలిసిన మందుతో డాక్టరు ఆ పని చేస్తారు. వారం లోపలే చర్మవైద్యులను కలవండి.

రెండో అనుమానం పాదరసం. రంగు పుట్టించే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది కాబట్టి తెల్లబరిచే క్రీముల్లో దొంగచాటుగా కలుపుతారు. క్రీమ్ బూడిద రంగు ఛాయలో ఉందా, వెలుతురు తగిలితే నల్లబడుతోందా, 'బంగారం, వెండి నగలకు తగలనివ్వొద్దు' అని ఇచ్చినావిడ ఏమైనా చెప్పారా, గుర్తుచేసుకోండి. లోహంతో కలిసిపోయే గుణం పాదరసానిది, ఆ జాగ్రత్త అక్కడి నుంచే వచ్చింది. ఇవేవీ లేకపోయినంత మాత్రాన పాదరసం లేదని కాదు. చర్మం గుండా లోపలికి వెళ్లి ముఖ్యంగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. నురగ నురగగా మూత్రం, ముఖం లేదా కాళ్ల వాపు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, నోట్లో లోహపు రుచి కనిపిస్తే వారం కూడా ఆగకండి. ఏ లక్షణమూ లేకపోయినా మూత్రంలో పాదరసం పరీక్ష, మామూలు మూత్ర పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. ఫలితం వచ్చేదాకా పిల్లల ప్రయత్నం వాయిదా వేయండి.

ఇది మీ ఒక్కరి ముఖంతో ఆగదు కూడా. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా, వర్జీనియాల్లో ఇలాంటి క్రీముల మీద దర్యాప్తు చేసినప్పుడు, క్రీమ్ ఎన్నడూ రాయని కుటుంబ సభ్యుల ఒంట్లోనూ పాదరసం ఎక్కువగా తేలింది. మీరు వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు విడిగా ఉతకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. క్రీమును సింకులో కడగడం, చెత్తబుట్టలో వేయడం రెండూ వద్దు.

ఇక కలబంద డబ్బా. ఇందులో తప్పు కలబందది కాదు. నీళ్లున్న ఏ పదార్థంలోనైనా సూక్ష్మజీవులు పెరుగుతాయి, కలబంద గుజ్జులో దాదాపు అంతా నీరే. దానికి తోడు రోజూ వేలు ముంచుతున్నారు. మీరు విటమిన్-ఇ ఎందుకు కలిపారో ఊహించగలం, 'పాడవకుండా ఉంటుంది' అని చాలాచోట్ల రాస్తారు. అది నూనెలు కనరెత్తకుండా చూస్తుందే తప్ప బ్యాక్టీరియానూ బూజునూ చంపదు. యూరప్ సంస్థలు పాటించే కొలత ప్రకారం మామూలు క్రీములో గ్రాముకు 1000కి మించి, కంటి దగ్గర వాడేవాటిలో 100కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం) లేని గుజ్జు వెచ్చని గదిలో ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. రంగు, వాసన మారేసరికి లెక్క లక్షలు దాటి ఉంటుంది. కాబట్టి వాసన బాగుందనేది భరోసా కాదు. కలబందే రాయాలనిపిస్తే మట్ట కోసి నిలబెట్టి, కారే పసుపు జిగురు పూర్తిగా పోనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రం తీసుకోండి. ఆ పసుపు జిగురే చాలామందికి దురద పుట్టిస్తుంది. ఆ పూటకు సరిపడా తీసుకుని మిగిలింది పారేయండి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులు మించొద్దు. ఇదంతా దద్దు పూర్తిగా తగ్గాక సంగతి, ఇప్పుడు అదీ వద్దు.

కనురెప్పల దురదకు మాత్రం మొదటి ముద్దాయి లావెండర్ ఆయిలే కావచ్చు. లెక్క చూడండి. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. మీ 15 చుక్కలంటే 0.75 మిల్లీలీటర్లు. 50 గ్రాముల్లో అది 1.5 శాతం. రోజంతా ముఖాన ఉండే క్రీముకు ఇది చాలా ఎక్కువ. లావెండర్‌లో ప్రధానంగా ఉండే లినలూల్ గాలి తగిలేకొద్దీ ఆక్సీకరణం చెంది హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది, అలర్జీ తెచ్చేవి ముఖ్యంగా అవే. అందుకే కొత్త సీసాతో ఏమీ కాని వాళ్లకు ఆరు నెలలుగా తెరిచి ఉన్న సీసాతో దద్దుర్లు రావచ్చు. ఒంటి మొత్తంలో అతి పలుచని చర్మం కనురెప్పది, కాబట్టి ముఖానికి రాసింది ఏదైనా మొదట అక్కడే బయటపడుతుంది. ఒక చిన్న హెచ్చరిక: రెప్పల దురదకు గోళ్ల రంగు, జుట్టు రంగు, మెడకు కొట్టుకునే పెర్‌ఫ్యూమ్ కూడా కారణం కావచ్చు. గోళ్లకూ రెప్పలకూ ఏం సంబంధం అనుకుంటారు. రోజులో ఎన్నిసార్లు కళ్లు నలుపుకుంటామో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఇప్పుడు యాప్ రంగుల దగ్గరికి వద్దాం. ఇలాంటి యాప్‌లు చాలావరకు పేరు చూసి మార్కులేస్తాయి. ఆ పదార్థం సీసాలో ఎంతుంది, రాసి కడిగేసేదా ఉంచుకునేదా, చర్మం దాటి ఎంత వెళ్తుంది, ఇవి వాటికి తెలియవు, తెలుసుకునే దారీ లేదు, ఎందుకంటే లేబుల్ మీద శాతాలు రాసి ఉండవు. ఒక పదార్థం ఏదో ఒక మోతాదులో హాని చేయగలదు అనడం వేరు, మీరు వాడే మోతాదులో చేస్తుంది అనడం వేరు. యాప్ మొదటిది చెబుతుంది, మీకు రెండోది వినిపిస్తుంది.

'ముఖానికి రాసింది 60 శాతం 26 సెకన్లలో రక్తంలో కలుస్తుంది' అనే మాట మీకూ వచ్చే ఉంటుంది. అన్ని పదార్థాలకూ కలిపి ఒకే శాతం అనేది ఉండదు. చర్మం పైన మృతకణాల పొర మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే ఒకటి, రెండు భాగాల మందం మాత్రమే, కానీ నీళ్లలో గంటసేపు కూర్చున్నా మనం ఉబ్బి పగిలిపోకుండా ఆపేది అదే. చిన్న అణువులు, నూనెలో కరిగేవి కొంత దాటతాయి. 500 డాల్టన్ల (అణువుల బరువు కొలత) కంటే బరువైన అణువులు ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని దాటడం కష్టం. ఎక్కడ రాశామన్నదీ లెక్కే. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌తో చేసిన కొలతల్లో ముంజేతి నుంచి దాదాపు 1 శాతమే లోపలికి వెళ్లింది, నుదుటి నుంచి దానికి ఆరు రెట్లు, వృషణాల చర్మం నుంచి నలభై రెట్ల పైన. అంటే ఏదీ వెళ్లదనీ కాదు, అంతా వెళ్తుందనీ కాదు. పదార్థాన్ని బట్టి, చోటును బట్టి, చర్మం చెక్కుచెదరకుండా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇప్పుడు మీ ముఖం ఎర్రబడి ఉంది కాబట్టి మామూలుగా కంటే ఎక్కువే లోపలికి వెళ్తుంది. కొత్తవేవీ ఇప్పుడు మొదలుపెట్టొద్దనడానికి అదొక కారణం.

పారాబెన్లు కూడా ప్రిజర్వేటివ్‌లే. వాటి మీద భయానికి మూలం 2004లో వచ్చిన ఒక బ్రిటన్ పరిశోధన. 20 రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్లు కనిపించాయి. పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలంతో పోల్చి చూడలేదు. అవే క్యాన్సర్ తెచ్చాయని ఆ పరిశోధకులూ అనలేదు. వార్తల్లోకి వచ్చేసరికి ఆ తేడా జారిపోయింది. పారాబెన్లు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌లా ప్రవర్తిస్తాయన్నది నిజమే, కానీ మన ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అయిన ఈస్ట్రడయోల్‌తో పోలిస్తే కొన్ని వేల రెట్ల నుంచి లక్షల రెట్ల దాకా బలహీనంగా.

మీ మిథైల్ పారాబెన్‌ను ఒకసారి తూకం వేద్దాం. యూరప్ అనుమతించే గరిష్ఠం 0.4 శాతం, మీ సీసాలో అంత ఉండకపోవచ్చు, అయినా ఉందనే అనుకుందాం. భద్రత లెక్కలు కట్టేటప్పుడు అక్కడి శాస్త్రీయ సంఘం ఒక మనిషి రోజుకు 1.54 గ్రాముల ఫేస్ క్రీమ్, 7.82 గ్రాముల బాడీ లోషన్ రాసుకుంటారని తీసుకుంటుంది. మొత్తం 9.36 గ్రాములు. అందులో 0.4 శాతం అంటే సుమారు 37 మిల్లీగ్రాములు. అదంతా, ఒక్క రవ్వ కూడా మిగలకుండా, రక్తంలోకి పోయిందనుకుందాం. నోటి ద్వారా జీవితాంతం రోజూ తీసుకున్నా ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2004లో మిథైల్, ఇథైల్ పారాబెన్లు రెంటికీ కలిపి పెట్టిన హద్దు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 600 మిల్లీగ్రాములు. మన 37 అందులో పదహారో వంతు. ఆ 600 కూడా అంచు మీది అంకె కాదు, జంతు పరీక్షల్లో ఏ హానీ కనిపించని మోతాదును నూరుతో భాగించి పెట్టినది. మింగిన పారాబెన్‌ను కాలేయం ముందే విరగ్గొడుతుంది, చర్మం గుండా వెళ్తే ఆ వడపోత ఉండదు కదా అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. చర్మంలోనూ దాన్ని విరగ్గొట్టే ఎంజైములున్నాయి, పైగా మనం వేసుకున్న 'అంతా వెళ్లింది' అన్న లెక్కే అసలుకంటే చాలా పెద్దది.

అలాగని పారాబెన్లన్నీ ఒకే గాటన కట్టేవి కావు. ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లకు యూరప్ 2014లో హద్దును 0.14 శాతానికి దించింది, మూడేళ్లలోపు పిల్లల డైపర్ చోట రాసి ఉంచేవాటిలో వద్దంది. ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ లాంటి మరో ఐదింటిని నిషేధించింది. భద్రత తేల్చడానికి కావలసిన వివరాలు కంపెనీలు ఇవ్వకపోవడం దానికి కారణం. 'నిషేధించారు' అన్న వార్త చదివినప్పుడు ఏ పారాబెన్, ఎంత, ఎక్కడ అని చూడకపోతే మిథైల్‌కు కూడా అదే మచ్చ అంటుకుంటుంది.

పారాబెన్లకు భయపడి తయారీదారులు మారిన వాటిలో ఒకటి మిథైల్ ఐసోథయాజొలినోన్ అనే ప్రిజర్వేటివ్. దాంతో ఏమైందంటే, అలర్జీ కేసులు విపరీతంగా పెరిగి, 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దానికి 'ఆ ఏటి అలర్జీ కారకం' అని పేరు పెట్టింది. రాసి ఉంచే ఉత్పత్తుల్లో దాన్ని 2017 నుంచి యూరప్ నిషేధించింది, కడిగేసేవాటిలో 0.0015 శాతానికి కుదించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లను 'అలర్జీ కలిగించనివి'గా ఎంచింది. 'పారాబెన్ రహితం' అన్న ముద్ర చూసి కొనేముందు, వాటి స్థానంలో ఏం వేశారో వెనక్కి తిప్పి చూడాలి. మీ చర్మం ఇప్పటికే మండుతోంది కనుక మీకిది మరీ ముఖ్యం.

ఫినాక్సీఇథనాల్ కూడా ప్రిజర్వేటివే, దాని హద్దు 1 శాతం. దాని మీద భయానికి ఒక కారణం 2008లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక చనుమొనల క్రీమ్ మీద ఇచ్చిన హెచ్చరిక. అక్కడ బెంగ తల్లి చర్మం గురించి కాదు, పాలు తాగే పసికందు దాన్ని మింగడం గురించి. మీ మాయిశ్చరైజర్‌కు అది వర్తించదు. రేపు బిడ్డకు పాలిచ్చేటప్పుడు రొమ్ముకు ఏం రాస్తున్నామన్నదానికి మాత్రం తప్పకుండా వర్తిస్తుంది.

నురగ తెచ్చి మురికి వదిలించే సల్ఫేట్ల కథ చిన్నదే. సోడియం లారిల్ సల్ఫేట్ క్యాన్సర్ తెస్తుందన్నది 1990ల చివర్లో ఇమెయిళ్లలో పాకిన పుకారు. చర్మానికి చికాకు పెడుతుందన్నది నిజం, ఎంత నిజమంటే చర్మాన్ని కావాలని చికాకు పెట్టి చూడాల్సిన పరీక్షల్లో పరిశోధకులు దాన్నే కొలబద్దగా వాడతారు. మీ ఫేస్‌వాష్‌లోది దాని చెల్లెలు లారెత్ సల్ఫేట్, కాస్త మెత్తనిది. అర నిమిషంలో కడిగేస్తే చాలామందికి ఏమీ కాదు. అదే లారిల్ సల్ఫేట్ ఉన్న ఆక్వియస్ క్రీమ్ అనే మాయిశ్చరైజర్‌ను బ్రిటన్‌లో ఎగ్జిమా (పొడిబారి దురదపెట్టే చర్మవ్యాధి) ఉన్న చర్మానికి రాసి ఉంచితే కొందరికి మంట, దురద పెరిగాయి, 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. లారెత్ తయారీలో 1,4-డయాక్సేన్ అనే మలినం కొద్దిగా మిగులుతుంది, దాన్ని శూన్యంలో లాగి తీసేస్తారు. తుది ఉత్పత్తిలో 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) లోపు ఉంటే భయం లేదని యూరప్ సంఘం తేల్చింది. దద్దు ఉన్నంతకాలం మీకు సల్ఫేట్ ఫేస్‌వాష్ వద్దు, క్యాన్సర్ భయంతో కాదు, చర్మం ఎండిపోతుందని.

సన్‌స్క్రీన్‌లో ఎండను అడ్డుకునే ఆక్సీబెంజోన్ విషయంలో యాప్‌కు కొన్ని మార్కులు ఇవ్వాలి. ఇది నిజంగానే రక్తంలోకి వెళ్తుంది. 2019లో ఎఫ్‌డీఏ 24 మందికి, ఒంట్లో 75 శాతం భాగానికి, రోజుకు నాలుగుసార్ల చొప్పున నాలుగు రోజులు సన్‌స్క్రీన్ రాయించి కొలిచింది. మిల్లీలీటరు రక్తంలో 0.5 నానోగ్రాములు దాటితే ఆ పదార్థానికి మరిన్ని భద్రతా పరీక్షలు కావాలి, అది నియమం. ఆక్సీబెంజోన్ వంద నానోగ్రాములు సులువుగా దాటింది. 'హాని చేస్తుంది' అని తేలలేదు, 'ఇంకా పరీక్షించాలి' అని తేలింది, సన్‌స్క్రీన్ మానొద్దని కూడా ఆ సంస్థే చెప్పింది. ఆ తర్వాత యూరప్ దాని హద్దును ముఖానికి 6 శాతం, ఒంటికి 2.2 శాతం చేసింది. గర్భం అనుకుంటున్న మీలాంటివారు దీన్ని పక్కనపెట్టి జింక్ ఆక్సైడ్ ఉన్నది ఎంచుకోవడం సబబే, అది చర్మం మీదే ఉండిపోతుంది. పొడి, స్ప్రే రూపాలు మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే లెక్క మారిపోతుంది. సన్‌స్క్రీన్ మొత్తంగా మానేయడం మాత్రం మంచి బేరం కాదు. సూర్యకాంతిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే రుజువైనవాటిలో, చేర్చింది. అందులో సందేహాలకు తావు లేదు.

దద్దు సంగతికి వస్తే, రెండు వారాలు ఉపవాసం పెట్టండి, ముఖానికి. కలబంద, లావెండర్, గోళ్ల రంగు, జుట్టు రంగు, పెర్‌ఫ్యూమ్ అన్నీ బంద్. పొద్దున గోరువెచ్చని నీళ్లు చాలు. రాత్రి సువాసన లేని మెత్తని క్లెన్సర్ ఒక్కసారి. తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ పలచగా, రెప్పలకు ఒక్కోదానికి బియ్యపు గింజలో సగమంత. ముడి చమురు నుంచి వచ్చిందని దానికీ యాప్ ఎర్ర చుక్క పెట్టవచ్చు. శుద్ధి చేసిన జెల్లీలో నీరు ఉండదు కాబట్టి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, సువాసన లేనిదైతే అలర్జీ తెచ్చేదీ దాదాపు ఏమీ ఉండదు. ఎండలో టోపీ, నీడ. ఇంట్లో ఉన్న ఏ స్టెరాయిడ్ ఆయింట్‌మెంటూ రెప్పలకు సొంతంగా రాయకండి, కంట్లో ఒత్తిడి పెరగొచ్చు.

చర్మం నెమ్మదించాక మాయిశ్చరైజర్ ఒక్కటే తెచ్చుకోండి. లేబుల్ మీద 'సువాసన లేదు' (ఫ్రాగ్రెన్స్ ఫ్రీ) అని ఉండాలి. 'వాసన రాదు' (అన్‌సెంటెడ్) అన్నది వేరు, వాసనను కప్పిపుచ్చడానికి అందులో మరో సువాసన వేసి ఉండొచ్చు. జాబితాలో పేర్లు ఎక్కువ నుంచి తక్కువకు ఉంటాయి, 1 శాతం కంటే తక్కువున్నవి మాత్రం ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ 1 శాతం మించదు కదా, దాన్ని గీతలా వాడుకోండి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఊదరగొట్టిన పదార్థం ఆ గీత తర్వాత కనిపిస్తే అది చిటికెడే అయి ఉంటుంది. 'హైపోఅలర్జెనిక్', 'డెర్మటాలజిస్ట్ పరీక్షించినది' అన్న మాటలకు చాలాచోట్ల చట్టంలో నిర్దిష్టమైన అర్థమే లేదు.

తెచ్చిన వెంటనే ముఖానికి రాయకండి. మోచేయి మడత లోపల మూడు నాలుగు సెంటీమీటర్ల చోట, అదే చోట, పొద్దునా సాయంత్రం, కనీసం ఏడు రోజులు, వీలైతే పది రోజులు రాయండి. ఒక్క రాత్రి చూసి సరిపోయిందనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అలర్జీ దద్దు తేలడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఒక్కోసారి పదోసారి రాసినప్పుడే బయటపడుతుంది. రాసిన నిమిషంలో చురుక్కుమని తగ్గిపోతే చికాకు, రెండో రోజు నుంచి ఎర్రబడి దురద పెట్టి చిన్న పొక్కులొస్తే అలర్జీ. ఏమీ కాకపోతే దవడ పక్కన మూడు రోజులు, ఆపైన ముఖమంతా. రెండో ఉత్పత్తి రెండు వారాల తర్వాత. ఫేస్‌వాష్‌ను ఇలా రాసి వదిలేసి పరీక్షించకండి, అది ఎవరి చర్మాన్నైనా మండిస్తుంది. సన్‌స్క్రీన్ వచ్చేసరికి ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి, బయటుంటే రెండు గంటలకోసారి మళ్లీ. అంతకంటే తక్కువ రాస్తే సీసా మీది ఎస్‌పీఎఫ్ అంకె మీకు దక్కదు.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు నిజంగా ఆపాల్సినవి కొన్నే. విటమిన్-ఎ జాతికి చెందిన రెటినాల్, రెటినాల్డిహైడ్, అడాపలీన్, ట్రెటినోయిన్ మానేయండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే ఆపిన తర్వాత కనీసం నెల ఆగాలి, ఇందులో రాజీ లేదు. మచ్చలు తగ్గించే హైడ్రోక్వినోన్ వద్దు, రాసినదాంట్లో మూడో వంతుకు పైగా లోపలికి వెళ్తుంది. ఎక్కువ శాతం శాలిసిలిక్ యాసిడ్ పీల్స్ వద్దు, 2 శాతం ఫేస్‌వాష్ ఫర్వాలేదు. మచ్చలకు అజెలాయిక్ యాసిడ్, నియాసినమైడ్, విటమిన్-సి వాడుకోవచ్చు, కానీ పైన చెప్పిన ఉపవాసం, మోచేతి పరీక్ష అయ్యాకే.

రెండు వారాలకూ దద్దు తగ్గకపోతే చర్మవైద్యులు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. వీపు మీద చిన్న గదుల్లో అనుమానిత పదార్థాలు అంటించి, 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, ముందు వారం వీపుకు స్టెరాయిడ్ రాసి ఉండకూడదు. వెళ్లేటప్పుడు లావెండర్ సీసా, క్యాప్సూల్ అట్ట, షాంపూ, గోళ్ల రంగు, పేరు లేని ఆ డబ్బా, పారేసినవాటి ఫోటోలు యాప్‌లో మిగిలుంటే అవీ తీసుకెళ్లండి. యాప్‌ను తీసేయాల్సిన పనిలేదు. పరీక్షలో లినలూలో, మరొకటో మీకు పడదని తేలితే, ఆ ఒక్క పేరునూ దాని మారుపేర్లనూ కొత్త సీసా జాబితాలో వెతికిపెట్టడానికి అది బాగా పనికొస్తుంది.